అడగని పాఠానికి తట్టెడు ఇసుక

మా వీధిలో ఒకమ్మాయికి ఈమధ్య టీచరు ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లం పట్టుకుని దీవెనల కోసం మా ఇంటికొచ్చి, "అమ్మమ్మా, ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని ఏది?" అని అడిగింది. "నోరు మూసుకోవడం" అన్నాను. నేను వేళాకోళమాడుతున్నాననుకుని పకపకా నవ్వేసింది. నోట్లో ఆమె తెచ్చిన మైసూరుపాకే ఉంది కాబట్టి ఊరుకున్నాను గానీ, నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చెమటోడ్చి నేర్చుకున్న విద్య అదొక్కటే. చెమటోడ్చి అన్నది మాటవరసకు అనడం లేదు. తట్టలతో ఇసుక మోసి మరీ నేర్చుకున్నాను.

ఆ పిల్లకు అప్పుడు చెప్పలేకపోయిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఏ ఊరికి బదిలీ చేశారు, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. శాలువా ఎవరూ కప్పలేదు కూడా. ఒక పాలెం, ఒక బడి, మాట వినని పెద్ద పిల్లలు, నా నోరు. ఇంతే ఉంటుంది.

పాలెం బడి

నేను నెల్లూరులో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న చర్చిలో పాటలు పాడించేవాడు. మా ఇంట్లో అందరికీ గొంతు పెద్దది, మాటలు అంతకంటే ఎక్కువ. ట్రైనింగు పూర్తయ్యాక, యాభైల చివర్లో, నన్ను మైపాడుకు ఉత్తరంగా సముద్రపు ఒడ్డునున్న ఒక జాలర్ల పాలెంలో వేశారు. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నాకు ఎండు రొయ్యలు పంపిస్తుంటారు, నోరు జారి వాటిని పోగొట్టుకోలేను.

బడి సముద్రానికి మరీ దగ్గర. గాలి తిరిగిందంటే ఇసుక అరుగెక్కి, గడప దాటి, బెంచీల కిందికి చేరేది. పొద్దున తలుపు తీయాలంటే ముందు ఇసుక తీయాలి. ఆ పని ఎవరిదన్నది మాత్రం ఏ నాడూ తేలలేదు. అది నా పని కాదని హెడ్మాస్టరు, మా పని కాదని పిల్లలు, ఎవరి పనీ కాదని ఇసుక, అందరం ఎవరి పట్టుదల మీద వాళ్ళం ఉండేవాళ్ళం.

హెడ్మాస్టరు రాఘవరెడ్డి గారిది చిల్లకూరు వైపు, వరి పండించే ఇల్లు. మంచి మనిషి, వట్టి భయస్తుడు. మైపాడులో గది తీసుకుని, అక్కణ్ణుంచి రోజూ సైకిలు మీద వచ్చేవారు. పైఆఫీసు వాళ్ళ జీపు శబ్దం వినిపిస్తే ఆయన పంచె దానంతటదే బిగుసుకునేది.

ఆ ఏడు ఆయన భయానికి సరైన కారణమే దొరికింది. మా బడిలో ఎనిమిదో తరగతి దాకా ఉండేది, కానీ పదమూడేళ్ళు దాటిన పిల్లలు బడిలో కనబడితే వింత. మగపిల్లలు వలలు లాగడానికి, ఆడపిల్లలు చేపలు ఎండబెట్టడానికి పోయేవాళ్ళు. తనిఖీకి వచ్చేసరికి పెద్ద పిల్లలు లేకపోతే ఎనిమిదో తరగతి ఎత్తేస్తామని పైనుంచి కబురొచ్చింది.

ఎత్తేస్తే చాలామందికి పట్టింపు లేదు. పోలమ్మకు మాత్రం అది ప్రాణం మీది సంగతి. పోలమ్మకు పద్నాలుగేళ్ళు. వాళ్ళమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. ఆ రోజుల్లో ఎనిమిది పాసైతే టీచరు ట్రైనింగుకు పోవచ్చు. పోలమ్మ టీచరు కావాలని పంతం పట్టింది. మా ఎనిమిది పోతే మళ్ళీ ఆ తరగతి ఉన్నది నెల్లూరులోనే. ఆడపిల్లను రోజూ బస్సెక్కించి పంపేది లేదని వాళ్ళమ్మ ముందే తేల్చి చెప్పింది. అంటే ఈ బడి తలుపు మూస్తే ఆ పిల్ల చదువుకు కూడా మూతపడినట్టే.

నన్ను చూసే టీచరు కావాలనుకుందేమోనని మురిసిపోయి ఒకసారి అడిగాను. "అవును పంతులమ్మా, మీరు చెప్తా ఉంటే ఎట్టా చెప్పకూడదో తెలిసిపోయింది, అందుకని" అంది. మొహంలో నవ్వు లేదు. నిజంగానే అంది.

దురాయి

ఆ తీరంలో ఊరి పెద్దలంతా కూర్చుని ఒక కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. దురాయి పడిందంటే ఇక అది దాటే మనిషి ఉండడు. కలెక్టరు మాటకు తలూపి ఇంటికెళ్ళి మరిచిపోయేవాడు కూడా దురాయికి మాత్రం కట్టుబడి ఉంటాడు. హెడ్మాస్టరు గారికి ఈ సంగతి తెలిసి ఒక ఉపాయం తోచింది. ఊరి పెద్దను అందరూ పెదకాపు అనేవాళ్ళు. ఆయన దగ్గరికి పోయి, పెళ్ళి కాని పిల్లలూ అయిన పిల్లలూ అని చూడకుండా, ఈడొచ్చినవాళ్ళంతా పగలు బడిలో ఉండేట్టు దురాయి పెట్టించమని బతిమాలారు. పెదకాపు పెట్టించాడు. సాయంత్రం డప్పు కొట్టి చాటారు.

మర్నాడు పొద్దున బడికి పోయి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఊళ్ళో ఉన్న కుర్రకారంతా బెంచీల మీద ఉంది. మీసం వచ్చినవాళ్ళు, మెట్టెలు పెట్టుకున్నవాళ్ళు, చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న ఒకమ్మాయి కూడా. ఏడుకొండలు అనే పదిహేనేళ్ళవాడు, ఊళ్ళో దేన్ని చూసినా విప్పి చూసేవాడు, ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. శీనయ్యకు అప్పటికే పెళ్ళయింది, వెనక బెంచీలో గోడకానుకుని కూర్చున్నాడు. హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడి ఆనందంతో కళ్ళు తుడుచుకున్నారు.

నేను దక్కను పీఠభూమి మొదలుపెట్టాను. చావింటికి పలకరింపుకు వచ్చినవాళ్ళు కూర్చున్నట్టు కూర్చున్నారు. ఎవరూ పలక తీయలేదు, ఎవరూ నా వైపు చూడలేదు. అందరి చూపూ కిటికీలోంచి సముద్రం మీదే. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను దక్కను దాటి గంగా మైదానమంతా తిరిగొచ్చాను, ఒక్క ప్రాణి నా వెంట రాలేదు.

కోపం పట్టలేక హెడ్మాస్టరు గారిని లాక్కుని పెదకాపు దగ్గరికి పోయాను. ఆయన తాంబూలం దంచుకుంటూ విన్నాడు.

"పిలకాయలు బళ్ళో ఉండాలన్నాం, ఉండారు. చదవాలని మేం యాడన్నాం? పడవెక్కమని దురాయి పెట్టొచ్చు గానీ, వలలో చేపలు పడాలని పెట్టలేం గదమ్మా."

మా వెనకే వచ్చి గుంజకానుకుని నిలబడి ఉంది పోలమ్మ. ఆమె ముందుకొచ్చింది.

"తాతా, మాకు దురాయి ఉండాది, పంతులమ్మకు లేదు. మేం కదలకూడదు. ఆమె మాత్రం ఎంత సేపన్నా మాట్టాడొచ్చు. ఇదేం న్యాయం?"

"నీకేం కావాల అమ్మే?" అన్నాడు పెదకాపు.

"మాకేం కావాల్నో మేమే నేర్చుకుంటాం. మేం అడిగితేనే పంతులమ్మ చెప్పాల. అడక్కుండా చెప్తే తప్పు కట్టాల."

పెదకాపు తాంబూలం నోట్లో వేసుకుని నమిలాడు. ఊరికి పనికొచ్చే జరిమానా ఏదా అని ఆలోచిస్తున్నాడని నాకప్పుడు తెలియదు.

"సరే. అడక్కుండా చెప్తే తట్టెడు ఇసక. బడి అరుగు మీద నుంచి ఎత్తి సముద్రం పక్కకు పోసి రావాల."

"సర్కారు జీతం తీసుకునే మనిషికి ఊరి కట్టుబాటేంది పెద్దాయనా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఊరి బావిలో నీళ్ళు తాగడం లా?" అన్నాడు పెదకాపు.

కోపంలో ఉన్నాను కాబట్టి ఒప్పుకున్నాను. నన్ను అడక్కుండా వీళ్ళు ఎన్నాళ్ళు నెట్టుకొస్తారో చూద్దామనుకున్నాను. మధ్యాహ్నానికల్లా కాళ్ళబేరానికి వస్తారని నా నమ్మకం.

నా తట్ట

తాటాకుతో అల్లిన తట్ట ఒకటి ఏడుకొండలు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. మొదటి రోజు నేను "నిటారుగా కూర్చో" అన్నందుకు ఒక తట్ట. "అలా కాదురా" అన్నందుకు ఒక తట్ట. "నేనేమీ అనడం లేదు" అన్నందుకు ఇంకో తట్ట. మధ్యాహ్నానికి నా చీర కుచ్చిళ్ళ నిండా ఇసుక, నడుము పట్టేసింది. కాళ్ళబేరానికి ఎవరూ రాలేదు.

దగ్గు మీద పెద్ద తగాదా అయింది. ఎవరైనా తప్పు చేస్తుంటే వెనక నిలబడి దగ్గేదాన్ని. అది చెప్పడం కిందికి వస్తుందా రాదా అని చేతులెత్తించారు. వస్తుందని తేలింది. నాకు నిజంగానే జలుబు చేసిందని మొత్తుకుంటే, అయితే బయటికి పోయి దగ్గి రమ్మన్నారు.

ఇది చదివి, పిల్లలను వాళ్ళ ఇష్టానికి వదిలేస్తే చాలు అంతా బంగారమైపోతుందని అనుకునేవాళ్ళకు ఒక మాట. మొదట్లో ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. గోళీలాడారు, పోట్లాడుకున్నారు, చంటిబిడ్డతో ఆడుకున్నారు. శీనయ్య నిద్రపోయాడు. పగలంతా, రోజూ, గురకతో సహా. హెడ్మాస్టరు గారు పక్కగదిలోంచి వచ్చి చూసి, తల పట్టుకుని వెళ్ళిపోయేవారు. నేనైతే ప్రతి రాత్రీ ఈ ఉద్యోగం మానేస్తానని ప్రార్థనలో దేవుడికి చెప్పేదాన్ని. ఆ కాలాన్ని ఓర్చుకోలేనివాళ్ళు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

మొదట కదిలింది ఏడుకొండలే. ఒక రోజు హెడ్మాస్టరు గారు ఇంటికి పోదామని బయటికొస్తే సైకిలు లేదు. సైకిలు ఉండవలసిన చోట గోనెపట్టా మీద గొలుసు, పెడళ్ళు, చక్రాలు, ఊచలు వరసగా పేర్చి ఉన్నాయి.

"దీన్ని విప్పమని నీకెవరు చెప్పినార్రా?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేనే నేర్చుకుంటా ఉండా. తొక్కడం ఆపినా చక్రం యెందుకు తిరగతాదా అని."

"తెలిసిందా?"

"ఇంకా లేదు సార్."

చాలా రోజులు హెడ్మాస్టరు గారు మైపాడు దాకా ఇసుకలో నడిచారు. చివరికి సైకిలు మళ్ళీ నిలబడింది, ముందుకంటే తేలిగ్గా నడిచింది కూడా. ఒక్క ఇనుప పూస మాత్రం మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఏడుకొండలుకూ తెలియలేదు. హెడ్మాస్టరు గారు దాన్ని చొక్కా జేబులో వేసుకుని, సైకిలు ఎక్కిన ప్రతిసారీ ఒకసారి తడిమి చూసుకునేవారు. రిటైరయ్యాక కలిసినప్పుడు కూడా జేబులోంచి తీసి నాకు చూపించారు.

తర్వాత శీనయ్య నిద్ర లేచాడు. ఒక మధ్యాహ్నం లేచి కూర్చుని, నా వైపు చూసి, "పంతులమ్మా, గూడూరు బస్సు మీద మొదటి అక్షరం ఎట్టుంటాది?" అన్నాడు. వాడు పెళ్ళైన కొత్తలో అత్తగారి ఊరికని బయల్దేరి, బోర్డు చదవడం రాక, గూడూరు పోవలసినవాడు కావలిలో దిగాడట. ఆ సంగతి అత్తగారింట్లో అందరికీ తెలిసిపోయి, పోయినప్పుడల్లా కావలి అల్లుడొచ్చాడంటున్నారట. అదీ వాడి బాధ.

అన్నాళ్ళ తర్వాత ఒక ప్రశ్న. నేను ఆకలిగొన్నదానిలా మీద పడ్డాను. 'గ'తో మొదలుపెట్టి, గుణింతమంతా బోర్డు నిండా రాసి, వెనక్కి తిరిగేసరికి తట్ట నా పక్కన ఉంది.

"గూ ఒక్కటే అడిగినా" అన్నాడు శీనయ్య నొచ్చుకుంటూ.

ఇసుక మోస్తూ మోస్తూ ఆ రోజు నాకు బాగా ఏడుపొచ్చింది. వాడు చెప్పింది నిజమని తెలిసే ఏడ్చాను. మర్నాడు వచ్చి "డూ" అడిగాడు. "డూ" ఒక్కటే రాసి చూపించి పక్కకు జరిగాను. ఆ ఒక్కొక్క అక్షరంతోటే వాడు బస్సు బోర్డులన్నీ చదివాడు, తర్వాత సినిమా పోస్టర్లు, ఆ తర్వాత పేపరు. బస్సులు వెళ్ళని ఊళ్ళ పేర్లు మాత్రం చాలా కాలం తప్పులు రాసేవాడు.

ఇక పోలమ్మ. ఎవరేం చేస్తున్నా ఆ పిల్ల మూల కూర్చుని ఎనిమిదో తరగతి పుస్తకాలు తనంతట తాను చదువుకునేది. తెలుగు, చరిత్ర గడగడా అప్పజెప్పేది. లెక్కల్లో భిన్నాల భాగహారం దగ్గర పడవ ఇసుకలో దిగబడ్డట్టు ఆగిపోయింది. వారాల తరబడి అదే లెక్క, అదే తప్పు. నేను వెనక నిలబడి చూసేదాన్ని. నాలుక మీద సమాధానం ఉంది. చెప్పడానికి లేదు, దగ్గడానికి కూడా లేదు. పబ్లిక్ పరీక్షలో ఆ లెక్కలు తప్పకుండా వస్తాయి. అవి పోతే ఆ పిల్ల పోయినట్టే. నాకు అన్నం సహించేది కాదు.

ఒక రోజు ఉండబట్టలేక, "నన్ను అడగొచ్చు గదా పోలమ్మా" అన్నాను. అందుకు ఒక తట్ట మోశాను. మోసి వచ్చాక ఆ పిల్లే చెప్పింది.

"అడిగితే మీరు ఆగరు పంతులమ్మా. నాకు ఒకటి కావాల. మీరు పది చెప్తారు. ఆ పదిలో నాది యాడుందో ఎతుక్కోవాల."

చేతులకంటిన ఇసుక దులుపుకున్నాను. బదులు చెప్పడానికి కూడా నాకు అనుమతి లేదు.

తనిఖీ

తనిఖీ ఇక దగ్గర పడిందనగా పెదకాపు దురాయి ఎత్తేశాడు. హెడ్మాస్టరు గారు పరుగున పోయి కాళ్ళు పట్టుకున్నంత పని చేశారు. "చదవనప్పుడు పెట్టినాం. ఇప్పుడు చదవతా ఉండారు గదా, ఇంకెందుకు?" అన్నాడాయన. మర్నాడు పొద్దున బడి ఖాళీగా ఉంటుందని మేమిద్దరం నిర్ధారణ చేసుకున్నాం. ఏడుకొండలు వచ్చాడు, ఈసారి ఒక పెట్రోమాక్సు లైటు పట్టుకుని. శీనయ్య వచ్చాడు. చంటిబిడ్డ తల్లి వచ్చింది. కొందరు రాలేదు, సముద్రం మీదికి పోయారు, వాళ్ళు మధ్యాహ్నం వలలు దించి వచ్చారు. పోలమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. నా తట్ట సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మీది ఎత్తేసినప్పుడు నాదీ పోయినట్టేనా అని అడిగితే, పెదకాపు పిలకాయల సంగతే చెప్పాడని, పంతులమ్మ సంగతి చెప్పలేదని తేల్చారు.

డిప్యూటీ ఇనస్పెక్టరు గారు వచ్చారు. జీపు ఇసుకలో దిగబడితే కోటు వేసుకునే నడిచి వచ్చారు, అందుకని చిరాకు మీద ఉన్నారు. లోపలికొచ్చి పిల్లలను చూశారు. ఇంతమంది పెద్ద పిల్లలను చూసి కాస్త ఆశ్చర్యపోయినట్టే ఉంది. వెనక బెంచీలో కూర్చుని, "ఊ, ఏదైనా పాఠం చెప్పండమ్మా" అన్నారు.

నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను. చెప్తే తట్ట వస్తుంది, ఈయన కళ్ళ ముందే టీచరు ఇసుక మోస్తుంది. చెప్పకపోతే టీచరుకు పాఠం రాదు, ఎనిమిదో తరగతి ఎత్తేస్తారు. ఇనస్పెక్టరు గారి వెనక నిలబడి హెడ్మాస్టరు గారు చెప్పు, చెప్పు అని చేతులతో సైగలు. ఏడుకొండలు కాళ్ళ దగ్గర తట్ట.

పోలమ్మ లేచి నిలబడింది.

"పంతులమ్మా, నేనొకటి అడగాల."

అంతవరకూ ఒక్కసారి కూడా నన్ను ఏమీ అడగని పిల్ల. నన్ను గట్టెక్కించడానికే లేచిందని నాకు అర్థమైంది. కానీ ఊరికే అడగలేదు, తనకు కావలసిందే అడిగింది.

"భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలని పుస్తకంలో ఉండాది. ఎందుకు తలకిందులు చేయాల?"

నేను నోరు తెరిచాను. తలకిందులు చేయాలని నాకు తెలుసు. ఎందుకో తెలియదు. చిన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా జన్మలో నేను చెప్పిన అతి చిన్న పాఠం అప్పుడు చెప్పాను.

"తెలియదు" అన్నాను.

హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. ఇనస్పెక్టరు గారు ఆగలేకపోయారు. "తెలియకపోవడమేమిటమ్మా?" అంటూ లేచి వచ్చి నా చేతిలో చాక్‌పీసు లాక్కుని బోర్డు మీద మొదలుపెట్టారు. లవం, హారం, వ్యుత్క్రమం. నాకు బాగా తెలిసిన జబ్బే అది. భిన్నాల్లో బయల్దేరి, దశాంశాల మీదుగా, వడ్డీ లెక్కల్లోకి పోయి, లాభనష్టాల దగ్గర తనెక్కడున్నారో తనకే తెలియక ఆగారు.

ఏడుకొండలు లేచి, తట్ట తీసుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, వచ్చి కూర్చున్నాడు.

హెడ్మాస్టరు గారు గోడ పట్టుకున్నారు.

"ఏమిటిది?" అన్నారు ఇనస్పెక్టరు గారు.

"ఇసక తట్ట సార్" అన్నాడు ఏడుకొండలు. "పోలమ్మ పంతులమ్మను అడిగింది. మిమ్మల్ని అడగలేదు."

ఆయన నా వైపు తిరిగారు. "ఏమిటమ్మా ఇదంతా?" అడిగారు కాబట్టి చెప్పొచ్చు. దురాయి సంగతి, తట్ట సంగతి చెప్పాను. చెప్పి ఆపేశాను. అడగనిది ఒక్క ముక్క చెప్పలేదు.

"మీరు రోజూ మోస్తున్నారా?"

"మొదట్లో ఒళ్ళు హూనమయ్యేది సార్. ఇప్పుడు తగ్గింది."

ఆయన తట్ట వైపు చూశారు. పిల్లల వైపు చూశారు. ఎవరూ నవ్వడం లేదు. వాళ్ళకు అది తప్పు కట్టడం, అంతే, వేళాకోళం కాదు. చివరికి ఆయన కోటు విప్పి హెడ్మాస్టరు గారి చేతికిచ్చి, పంట్లాం మడిచి, అరుగు మీద ఇసుక తట్టకెత్తుకుని సముద్రం వైపు నడిచారు. ఊళ్ళో వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళంతా లేచి నిలబడి చూశారట. హెడ్మాస్టరు గారు కోటును బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గుమ్మంలో నిలబడిపోయారు.

తిరిగొచ్చి, మొహం తుడుచుకుని, బెంచీలో పోలమ్మ పక్కన కూర్చుని, పలక మీది లెక్క చూశారు.

"నేను ఒకటి అడగొచ్చామ్మా?"

"అడగండి సార్."

"అర గంప చేపలు ఉన్నాయి. పావు గంప చొప్పున పంచితే ఎందరికి వస్తాయి?"

"ఇద్దరికి."

"ఎట్లా చెప్పావు?"

"గంపకైతే పావు గంపలు నాలుగు. మన దగ్గర ఉండేది అర గంపే. నాలుగులో సగం, రెండు."

ఆయన ఇంకేమీ అనలేదు. పోలమ్మ పలక వైపు చూసింది. అరను పావుతో భాగించమని ఉన్న లెక్క అది. నాలుగులో సగం. పావు తలకిందులైతే నాలుగు. చూస్తుండగానే ఆ పిల్ల మొహం మారిపోయింది. "తలకిందులు చేస్తే గంపకెన్నో తెలస్తాది, అంతే గదా" అని తనలో తాను అనుకుని, వారాలుగా తప్పుతున్న లెక్కలన్నీ వరసగా చేసుకుంటూ పోయింది. మమ్మల్ని ఎవరినీ మళ్ళీ తలెత్తి చూడలేదు. ఆ గంప ప్రశ్న నాకు తోచనందుకు నాకు ఇప్పటికీ ఉక్రోషంగానే ఉంటుంది.

పోతూ పోతూ ఆయన రాసింది రెండే మాటలు. పిల్లల హాజరు బాగుంది. పాఠశాల ఆవరణ మిక్కిలి పరిశుభ్రంగా ఉంది. ఆ తీరంలో ఇసుక లేని బడి మాదొక్కటే అని మెచ్చుకున్నారు కూడా. నా వాగుడు వల్ల ప్రభుత్వానికి కలిగిన మేలు అదొక్కటే. ఎనిమిదో తరగతి నిలబడింది.

గేటు దగ్గర

పబ్లిక్ పరీక్ష నెల్లూరులో. పోలమ్మను నేనే తీసుకెళ్ళాను. మైపాడులో బస్సు కదలబోతుంటే ఏడుకొండలు హెడ్మాస్టరు గారి సైకిలు మీద రొప్పుతూ వచ్చి, కిటికీలోంచి తట్ట అందించాడు. "తోడుండనీండి పంతులమ్మా" అన్నాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చేపల తట్ట అనుకుని పక్కావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

దారి పొడుగునా నా నాలుక దురద పెడుతూనే ఉంది. ప్రశ్నలన్నీ ముందు ఒకసారి చదువుకోమని చెప్పాలి. తేలికైనవి ముందు చేయమని చెప్పాలి. అంకెలు విడివిడిగా వేయమని, కంగారు పడొద్దని, నీళ్ళు తాగి పొమ్మని చెప్పాలి. పోలమ్మ కిటికీలోంచి వరి చేలు చూస్తూ కూర్చుంది. ఒక్కటి అడిగితే ఒట్టు. నేను తట్ట అంచు నులుముకుంటూ కూర్చున్నాను.

పరీక్ష జరిగే బడి గేటు దగ్గర పిల్లలంతా లోపలికి పోతున్నారు. పోలమ్మ రెండడుగులు వేసి, ఆగి, వెనక్కొచ్చింది.

"పంతులమ్మా, ఇప్పుడు అడగతా ఉండా. మీరేం చెప్పాలనుకుంటా ఉండారో అంతా చెప్పండి."

అన్ని నెలల నుంచి ఆ మాట కోసమే ఉన్నాను. నోరు తెరిచాను. వెతికాను. ఒక్కటీ లేదు. ఆ పిల్లకు తెలియనిది నా దగ్గర ఏమీ మిగల్లేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సంతోషమో దుఃఖమో అప్పుడు తెలియలేదు. సంతోషమే.

"చెప్పేదేం లేదు పాపా. నీకన్నీ వచ్చు. పో" అన్నాను.

"పో అనడం నేనడగలా" అని, తట్ట వైపు చూసి, నవ్వుకుంటూ లోపలికి పోయింది.

పోలమ్మ పాసయింది. ట్రైనింగు కూడా అయి, ఎక్కడో మెట్ట ప్రాంతంలో మొదటి ఉద్యోగం వచ్చింది. బయల్దేరే ముందు రోజు మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "మిమ్మల్నొకటి అడగాల" అంది. నేను సర్దుకుని కూర్చున్నాను. కొత్త ఉద్యోగానికి పోయే పిల్ల, ఎన్నో సందేహాలుంటాయి కదా.

"ఆ తట్ట నాకిస్తారా?"

"ఆ ఊళ్ళో సముద్రమే లేదు గదే, ఇసుక ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"ఇసక లేకుంటే పేడుంటాది. ఏమెత్తాల్నో పిలకాయల్నే అడగతాలే పంతులమ్మా" అంది.

దానికి ఒక సలహా చెబుదామని నోరు తెరిచి, మూసుకుని, లోపలికెళ్ళి తట్ట తెచ్చిచ్చాను.